నెలాఖరు గట్టెక్కాలంటే.. వంటింటి ఖర్చు ఎక్కడెక్కడ తగ్గుతుంది?

2023లో బక్రీద్ జూన్ 29న వచ్చింది. అప్పటికి బళ్ళు తెరిచి రెండు వారాలు దాటింది. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు ఒకపక్క, పండగ ఖర్చు ఇంకోపక్క. సరిగ్గా ఆ రోజుల్లోనే టమాటా ధర వందకు చేరింది. జూలై చివరికి మదనపల్లె మార్కెట్‌లోనే మేలురకం కిలో 150 రూపాయలు దాటిపోయింది. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి మన ప్రాంతంలోనే ఉంది. అయినా రైతుబజారులో ప్రభుత్వం రాయితీ మీద 50 రూపాయలకు ఇస్తుంటే, మనిషికి ఒక్క కిలో కోసం ఇక్కడి వాళ్ళూ క్యూలో నిలబడాల్సి వచ్చింది. కొన్ని వారాలు గడిచాయో లేదో ధర మళ్ళీ కింద పడింది. ఈసారి ఏడుపు రైతు వంతు.

తిరుపతి, చిత్తూరు వైపు ఆటో నడిపే ఇల్లయినా, మెకానిక్ షెడ్డు ఉన్న ఇల్లయినా, టైలరింగ్ మీద బతికే ఇల్లయినా ఇలాంటి నెల వచ్చిందంటే నెలాఖరు పది రోజులు అప్పు మీదే నడుస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టు నుంచి 2024 జూలై దాకా చేసిన గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల ఖర్చులో 47 శాతం, పట్టణ కుటుంబాల ఖర్చులో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. ఇంటి అద్దె తగ్గించమంటే ఓనరు ఒప్పుకోడు. స్కూలు ఫీజు మన చేతిలో లేదు. చేయి పెట్టడానికి వీలున్నది వంటింట్లోనే. అలాగని పిల్లల కంచంలో కోత పెట్టాల్సిన పని లేదు. కొనే తీరు, కొనే కాలం, దాచే పద్ధతి మారిస్తే చాలావరకు సరిపోతుంది.

టమాటా లేకుండా సాలన్ అవుతుందా?

అవుతుంది. మన పెద్దవాళ్ళు వండినదంతా టమాటాతో కాదు. సాలన్‌లో టమాటా మూడు పనులు చేస్తుంది: పులుపు ఇస్తుంది, పులుసును చిక్కబరుస్తుంది, రంగు తెస్తుంది. ఈ మూడింటినీ విడదీసి చూస్తే దారి దొరుకుతుంది. చిక్కదనానికి వేయించిన ఉల్లిపాయ, రెండు చెంచాల వేరుశనగపప్పు, నువ్వులు నూరిన ముద్ద చాలు. రంగుకు మంచి ఎండుమిరపకాయలు నానబెట్టి నూరుకోవచ్చు. ఇక పులుపుకు మన జిల్లాలో కరువే లేదు.

టమాటా ధర మండే జూన్, జూలైలోనే చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి కుప్పలు పోస్తుంది. 2025 సీజన్‌లో ధర ఎంతగా పడిపోయిందంటే, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 వచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అంటే టమాటా వంద పలికిన నెలలో కూడా పక్క తోటలో పుల్లటి కాయ కారుచవకగా దొరికే అవకాశం ఉంది. పచ్చి తోతాపురి పప్పులోకి, ఖట్టాలోకి, చేపల పులుసులోకి చక్కగా సరిపోతుంది. మిగిలిన కాయలను చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు పట్టించి నాలుగైదు రోజులు గట్టి ఎండలో పెడితే మామిడి ఒరుగులవుతాయి. డబ్బాలో ఏడాదంతా ఉంటాయి. అంబాడా, అదే మన గోంగూర, మాంసంలో వేస్తే టమాటా ఊసే రాదు. వేసవి మొదట్లో చింతచిగురు ఉండనే ఉంది.

చింతపండు విషయంలో ఒక లెక్క ఉంది. కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తుంది. ఏడాది సరుకు అప్పుడే కొనాలి. గింజతో ఉన్నది చవక కదా అని కొంటారు. కానీ అందులో గింజల బరువే మూడో వంతు దాకా ఉంటుంది. అందుకని గింజ చింతపండు ధరను ఒకటిన్నరతో గుణించి, గింజ తీసిన దాని ధరతో పోల్చాలి. గింజది 100, తీసినది 140 అన్నారనుకోండి. తీసినదే చవక, చాకిరీ కూడా తప్పుతుంది. 170 అంటే గింజది తెచ్చి ఇంట్లో కొట్టుకోవడం మేలు.

టమాటా పడిపోయినప్పుడు చేయాల్సిన పని వేరు. నారు నాటిన రెండు, రెండున్నర నెలలకల్లా కోత మొదలవుతుంది. ధర పెరగగానే అందరూ నాటుతారు, ఆ పంటంతా ఒకేసారి వచ్చిపడుతుంది. ఈ తిరగలి ఏటా తిరుగుతూనే ఉంటుంది. కిలో 10, 15కి వచ్చిన రోజున నాలుగు ఇళ్ళ వాళ్ళు కలిసి ఒక క్రేటు దింపుకుంటే ఇంకా కలిసొస్తుంది. పండులో 94 శాతం దాకా నీళ్ళే కాబట్టి పది కిలోలు ఎండితే కిలో లోపే మిగులుతుంది. చూడటానికి అది కొంచెమే. కానీ పులుసులో గుప్పెడు వేస్తే చాలు. ఎండబెట్టే ఓపిక లేకపోతే ముక్కలు ఉడికించి, నీరంతా ఇగిరే దాకా దగ్గరికి చేసి, చల్లారాక చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. కరెంటు తరచూ పోయే వీధిలో మాత్రం ఫ్రీజర్‌ను నమ్ముకోకండి. అక్కడ ఉప్పు, నూనె, చింతపండు వేసి పెట్టే నిల్వ పచ్చడే నమ్మకం.

ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు

వంట నూనెలో జరిగే మాయ చాలామందికి తెలియదు. ఒక లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇదివరకు నూనె, టీపొడి, బిస్కెట్ల వంటివాటిని ఫలానా బరువుల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధన ఉండేది. ఇప్పుడది లేదు. కాబట్టి 910 గ్రాముల ప్యాకెట్ పక్కనే, చూపుకు అదే సైజులో, 850 గ్రాములదో 800 గ్రాములదో కూర్చుంటుంది. ఉదాహరణకు 850 గ్రాముల ప్యాకెట్ 128 రూపాయలు, 910 గ్రాములది 135 అనుకుందాం. ఏడు రూపాయలు తక్కువని మొదటిది తీసుకుంటాం. కిలో లెక్కకు తెస్తే మొదటిది 150 రూపాయల 60 పైసలు, రెండోది 148 రూపాయల 35 పైసలు. చవకదనుకున్నదే ఖరీదైనది.

ఈ లెక్క నోటితో వేయాల్సిన పని లేదు. గరిష్ఠ ధరతో పాటు గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో చెప్పే యూనిట్ ధర ప్యాకెట్ మీద ముద్రించడం 2024 జనవరి నుంచి తప్పనిసరి. ధర పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమ్మీకి చదవడం రాకపోతే బడికెళ్ళే పిల్లలతో చదివించవచ్చు. లెక్కల హోంవర్కు కూడా అయిపోతుంది. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అనుకోవడం కూడా పొరపాటే. ఒక్కోసారి ఆఫర్ రాసిన ఐదు లీటర్ల డబ్బా కంటే విడి ప్యాకెట్లు ఐదే తక్కువకు వస్తాయి. యూనిట్ ధర చూస్తే క్షణంలో తెలిసిపోతుంది. షాంపూ, డిటర్జెంట్, టీపొడికైతే ఇది ఇంకా పనికొస్తుంది. చిన్న సాచెట్లే చవకగా పడే సరుకులు కూడా ఉన్నాయి.

బియ్యంలో మరో కిటుకు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు బరువుతో ముందే ప్యాక్ చేసి లేబుల్ అంటించిన బియ్యం, పప్పు, గోధుమపిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. విడిగా తూచి ఇచ్చేదాని మీద పడదు. 25 కిలోలు దాటిన బస్తా మీదా పడదు. మార్కెట్‌లోకి 26 కిలోల బస్తాలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఐదారుగురున్న ఇంటికి 26 కిలోల బస్తా ఎలాగూ నెలకు సరిపోతుంది. ఇద్దరే ఉంటే పక్కింటి వాళ్ళతో సగం పంచుకోవచ్చు. పురుగు పట్టకుండా బాగా ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు వేసి మూత గట్టిగా పెట్టాలి. పప్పు, చక్కెర రోడ్డు మీద అంగట్లో విడిగా కొనేటప్పుడు మాత్రం తక్కెడ ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. ధరలో మిగిలింది తూకంలో పోతే లాభమేముంది.

బిర్యానీకి ప్రతిసారీ పొడవాటి బాస్మతే కావాలని లేదు. వేలూరు, ఆంబూరు వైపు వండే జీరక సాంబా బియ్యం చిత్తూరులోనూ దొరుకుతుంది. గింజ చిన్నదైనా వాసన, రుచి అద్భుతం. ఖీర్‌కు, ఫిర్నీకి, హలీమ్‌కు బాస్మతి నూక సరిపోతుంది. అక్కడ ముక్క విరిగిందా అని ఎవరూ చూడరు.

మాంసం దగ్గర మిగిలేది ఎక్కువ

మన ఇళ్ళల్లో వంటింటి బడ్జెట్‌ను తలకిందులు చేసేది మాంసమే. దీని మీద నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. వారానికి మూడుసార్లు మాంసం ఉండాలన్న పట్టుదల ఆదాయానికి సరిపోకపోతే, మానేయనక్కర్లేదు, సాగదీయడం నేర్చుకోవాలి. దాల్చా పుట్టిందే అందుకు. పావుకిలో ఎముకలు, రెండు గుప్పిళ్ళ శనగపప్పు, ఒక సొరకాయ, చింతపండు పులుసు. ఆరుగురికి సరిపడా సాలన్. కీమాలో నానబెట్టిన శనగపప్పు కలిపి నూరితే పావుకిలోకి పదికి పైగా షామీలు వస్తాయి. డిసెంబరు, జనవరిలో మన వైపు అనపకాయలు విరగకాస్తాయి. గింజలు నానబెట్టి పితికి, ఆ పితికిపప్పులో అరకిలో మటన్ వేస్తే కిలో మటన్ వండినంత కూర అవుతుంది. నిజం చెప్పాలంటే రుచి అంతకంటే మించి ఉంటుంది.

చికెన్ కొట్టు దగ్గర లైవ్ ధర ఒకటి, స్కిన్‌లెస్ ధర ఒకటి రాసి ఉంటాయి. రెండు కిలోల కోడి కోస్తే ఈకలు, చర్మం, పేగులు పోను సుమారు కిలో 300 గ్రాముల స్కిన్‌లెస్ మాంసం వస్తుంది. లైవ్ కిలో 130 అయితే కోడి ఖరీదు 260. దాన్ని 1.3తో భాగిస్తే కిలో మాంసం 200 పడినట్టు. బోర్డు మీద స్కిన్‌లెస్ 220 అని ఉంటే బతికున్న కోడిని తూయించి, కళ్ళముందే జబా చేయించుకోవడం లాభం. పైగా గుండెకాయ, కందనకాయ, కాళ్ళు మనవే. కాళ్ళతో పిల్లలకు షోర్బా అవుతుంది. స్కిన్‌లెస్ 195 అంటే ఆ రోజుకు అదే కొనండి.

గుడ్డును చిన్నచూపు చూడకూడదు. కిలో మటన్ 800, గుడ్డు 7 రూపాయలు అనుకుని లెక్కేస్తే, ఎముక తీసేసిన తర్వాత మటన్‌లో ఒక గ్రాము ప్రొటీన్‌కు ఐదున్నర రూపాయల పైనే పడుతుంది. గుడ్డులో అదే గ్రాము రూపాయి 20 పైసల లోపే. గుడ్ల హోల్‌సేల్ ధరను జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ రోజూ కేంద్రాలవారీగా, వంద గుడ్లకు ఇంత అని ప్రకటిస్తుంది. ఆ జాబితాలో చిత్తూరు పేరు కూడా ఉంది. ఆ ధర చూసుకుని 30 గుడ్ల అట్ట కొంటే, రెండు మూడు చొప్పున కొన్నప్పటి కంటే తేడా కనిపిస్తుంది.

కుర్బానీ మాంసం గురించి రెండు మాటలు. బంధువుల భాగం, పేదల భాగం పంచేశాక ఇంటికి మిగిలినదాన్ని ఒక్క పెద్ద సంచిలో వేసి ఫ్రీజర్‌లో కుక్కితే సగం పాడవుతుంది. లోపలి మాంసం గడ్డకట్టడానికే ఒక రోజు పడుతుంది. తర్వాత అరకిలో కావాల్సినప్పుడల్లా మొత్తం కరిగించి మళ్ళీ పెట్టడం ఇంకా ప్రమాదం. ఒక పూటకు ఎంత కావాలో అంత చిన్న ప్యాకెట్లుగా, పలచగా చదును చేసి పెట్టాలి. వాడే ముందు రోజు రాత్రే కింది అరలోకి దింపితే గ్యాస్ కూడా ఆదా. ఫ్రిజ్ లేని ఇంటికి ఉప్పుకండాలు ఉండనే ఉన్నాయి. సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, దారానికి గుచ్చి ఎండలో ఆరగట్టడమే. వానలు పడే రోజుల్లో బక్రీద్ వస్తే మాత్రం ఈ పని పెట్టుకోకండి. తడి ఆరక బూజు పడుతుంది.

రేషన్ బియ్యం అమ్ముకుంటే ఎవరికి నష్టం?

బియ్యం కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు ఉచితంగా వస్తాయి. 2025 జూన్ 1 నుంచి బండ్లు పోయి మళ్ళీ చౌకధరల దుకాణాలే వచ్చాయి. నెలలో 1వ తేదీ నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 దాకా తెరిచి ఉంటాయి. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చివ్వాలి.

ఈ బియ్యం తినలేమని కిలో 10, 12కి అమ్మేసేవాళ్ళు ఉన్నారు. అది నేరం. ఆ సంగతి పక్కన పెట్టినా లెక్క కూడా తప్పే. 12కి అమ్మి, దోసెల పిండికీ రొట్టెకీ కిలో 55 పెట్టి బియ్యం కొంటే పది కిలోలకు 430 రూపాయలు చేజారినట్టే. రోజూ అన్నానికి నచ్చకపోతే ఇడ్లీకి, దోసెకు, బియ్యపు రొట్టెకు, సంగటికి వాడండి. సంగటికి ఒక గ్లాసు బియ్యం మెత్తగా ఉడికించి, గ్లాసున్నర నుంచి రెండు గ్లాసుల రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి తెడ్డుతో కెలికితే నలుగురికి కడుపు నిండుతుంది. పక్కన ఊరిబిండి ఉంటే కూర కూడా అడగరు. రేషన్‌లో రాగులు ఇచ్చినప్పుడు వదులుకోవద్దు.

బియ్యంలో తెల్లగా, తేడాగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యపు పిండితోనే చేసిన గింజలు. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళకూ పిల్లలకూ ఎంతో అవసరం. కాబట్టి ఏరకండి, గంజి వార్చి పారబోయకండి.

గ్యాస్, కరెంటు

దీపం-2 కింద తెల్లకార్డు కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. పథకం 2024 నవంబరు 1న మొదలైంది. మొదట డబ్బు మనమే కట్టాలి, డెలివరీ అయ్యాక ఖాతాలో పడుతుంది. ఏప్రిల్-జూలై, ఆగస్టు-నవంబరు, డిసెంబరు-మార్చి అని మూడు గడువులు. ఒక గడువులో బుక్ చేయకపోతే ఆ సిలిండర్ పోయినట్టే, తర్వాత గడువుకు కలవదు. క్యాలెండర్ మీద జూలై, నవంబరు, మార్చి చివరి వారాల్లో ఒక గుర్తు పెట్టుకోండి. ఈకేవైసీ, ఆధార్‌తో బ్యాంకు ఖాతా లింకు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

సిలిండర్ తెచ్చిన మనిషిని తూయమని అడగడం మన హక్కు. సిలిండర్ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలపాలి. ఖాళీ బరువు 15.3 అయితే మొత్తం 29.5 తూగాలి. అంతకంటే తగ్గితే తీసుకోవద్దు.

ఇక వాడకం. బియ్యం, పప్పు అరగంట ముందే నానబెట్టడం, మూత పెట్టి వండటం, పొంగు రాగానే మంట తగ్గించడం అందరికీ తెలిసినవే, అందరూ మరిచిపోయేవే. మంట పసుపుగా వస్తుంటే బర్నరు మూసుకుపోయిందని గుర్తు. ముదురు మటన్‌కు గంటసేపు మంట పెట్టే బదులు చిన్న పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టించి కుక్కర్‌లో పెట్టండి. నాలుగు విజిళ్ళు తగ్గుతాయి.

ఇండక్షన్ పొయ్యి కొంటే గ్యాస్ మిగులుతుందా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక సిలిండర్ చేసే పని ఇండక్షన్ చేయాలంటే దగ్గర దగ్గర 140 యూనిట్లు కావాలి. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి ఉన్న శ్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీలు వేరే. ఇప్పటికే 200 యూనిట్లు కాలే ఇంట్లో వంటంతా ఇండక్షన్ మీదికి మారిస్తే బిల్లు పై శ్లాబులోకి ఎక్కి, వంట కరెంటుకే వెయ్యి దాటుతుంది. గ్యాస్ కంటే అదే ఎక్కువ. నెలకు 60, 70 యూనిట్లు మాత్రమే కాలే చిన్న ఇంట్లో పాలు, టీ, నీళ్ళు కాచుకోవడానికైతే పనికొస్తుంది.

రమజాన్ నెల

ఉపవాసం ఉండే నెలలో తిండి ఖర్చు పెరగడం విచిత్రమే. కానీ ప్రతి ఇంట్లో జరిగేది అదే. ఎక్కువగా పోయేది నూనెలో, పండ్లలో, సగం తిని వదిలేసిన పళ్ళేల్లో. ఇస్రాఫ్ గురించి జుమా బయాన్‌లో విని వచ్చి, అదే సాయంత్రం దస్తర్‌ఖాన్ మీద ఆరు రకాలు పెట్టడం మనకు అలవాటైపోయింది.

సమోసాలు, పకోడీలు రోజూ వేయిస్తే నూనె నల్లబడేదాకా అదే వాడతారు. ఆదా పేరుతో చేసే ఈ పని ఒంటికి చేటు. నూనె ఎంత చెడిపోయిందో చెప్పే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. ఇంట్లో అది కొలవలేం కాబట్టి, వెడల్పు బాండలి బదులు ఇరుకైన లోతు గిన్నెలో కొద్ది నూనె పోసి వేయించి, వడగట్టి, మిగిలినదాన్ని రెండు రోజుల్లోపు తాళింపులకు వాడేయడం మంచిది. వారానికి రెండు రోజులు వేపుళ్ళు, మిగిలిన రోజుల్లో ఉడికించిన శనగలు, బొబ్బర్లు పెడితే నూనె ఖర్చు సగానికి దిగుతుంది.

ఖర్జూరాలు, బాదం, పిస్తా వంటి డ్రైఫ్రూట్స్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్యాకెట్ కొనేటప్పుడు ఆ తగ్గింపు ధరలో కనిపిస్తోందో లేదో అడగండి. ఆపిల్, కివీ లేకపోతే ఇఫ్తార్ కాదన్నట్టు కొంటున్నాం. జామ, బొప్పాయి, అరటి, పుచ్చకాయ మన చుట్టుపక్కల పండేవే. తమిళనాడు సరిహద్దు వైపు మసీదుల్లో కాచే గంజి ఇంట్లోనూ తేలికే. గుప్పెడు నూకలు, సగం గుప్పెడు పెసరపప్పు, చెంచా మెంతులు, అల్లం వెల్లుల్లి, వంద గ్రాముల కీమా, చివర్లో కొబ్బరిపాలు. నలుగురికి కడుపు చల్లబడుతుంది, ఆ తర్వాత వేపుళ్ళ మీదికి చేయి పోదు.

అంగడి ఖాతా

ఇవన్నీ చేసినా మిగలని ఇంట్లో ఒకసారి వీధి చివర కిరాణా అంగడి ఖాతా పుస్తకం చూడాలి. అప్పు మీద సరుకు తెచ్చేవాళ్ళు ధర అడగలేరు, వేరే చోటికి వెళ్ళలేరు, యూనిట్ ధర పోల్చలేరు. అంగడాయన మంచివాడే కావచ్చు, కష్టకాలంలో ఆదుకున్నవాడే కావచ్చు. అయినా కిలోకు రెండు, మూడు ఎక్కువ పడుతూనే ఉంటుంది. ఖాతా ఒక్కసారిగా తెగదు. ఈ నెల నూనె మాత్రం నగదుకు కొనండి. వచ్చే నెల నూనె, పప్పు. మూడో నెల బియ్యం కూడా.

ఇంట్లోనూ ఒక చిన్న పుస్తకం పెట్టుకోవచ్చు. పైసా పైసా రాయబోతే పది రోజుల్లో విసుగొచ్చి మానేస్తారు. అందుకని మొదట మూడు పద్దులే రాయండి: నూనె, మాంసం, పాలు. పాలలోనూ తేడా ఉంది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. టీకి టోన్డ్ సరిపోతుంది, పెరుగుకూ చిన్నపిల్లలకూ ఫుల్ క్రీమ్ తెచ్చుకోవచ్చు. ఎవరెవరు ఎంత తెచ్చారో, కిలో లేదా లీటరు ఎంత పడిందో ఒక్క వరుసలో రాస్తే చాలు. రెండు నెలల పేజీలు పక్కపక్కన పెట్టినప్పుడు, డబ్బు ఏ వారంలో ఏ సరుకు మీద జారిందో కనబడుతుంది. అక్కడ మిగిలిన ఐదారు వందలను పోస్టాఫీసు ఆర్‌డీలో వేసుకోవచ్చు. నెలకు 100 రూపాయలతో కూడా ఆ ఖాతా మొదలుపెట్టొచ్చు. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు నలుగురు బంధువులతో కలిసి వడ్డీ, వేలం లేని బీసీ కట్టుకుని, మే నెల వంతు తమకు వచ్చేలా ముందే మాట్లాడుకోవచ్చు.